లాగే బండి, వెంట వచ్చే బండి

తిరుత్తంగల్‌లో నిన్ఱ నారాయణ పెరుమాళ్ కోవెల ఉన్న గుట్ట దిగి, శివకాశి నుండి విరుదునగర్ పోయే రోడ్డు పక్కన ఒక ఉదయం పది నిమిషాలు నిలబడి చూడండి. అగ్గిపెట్టెల మూటలతో వ్యానులు పోతాయి. అచ్చు యంత్రాలకు కావలసిన కాగితపు చుట్టలు మోస్తూ లారీలు పోతాయి. వాటి నడుమ, అందరికంటే నెమ్మదిగా, అందరికంటే పెద్ద చప్పుడుతో ఒక ట్రాక్టరు వస్తుంది. ట్రాక్టరు మీద ఒక్క మనిషి తప్ప బరువేమీ ఉండదు. బరువంతా వెనుక కట్టిన పెట్టెలో ఉంటుంది. ఇటుకలు కావచ్చు, ఎరువు కావచ్చు, మొక్కజొన్న కంకులు కావచ్చు.

ఈ వెనుక పెట్టెను మన వైపు ట్రెయిలరు అంటారు. ఆంధ్రలో ట్రక్కు అనీ, తొట్టి అనీ, ట్రాలీ అనీ అంటారు. పేరు ఏదైనా దాని గుణం ఒకటే. దానికి ఇంజను లేదు, తనంతట తాను కదలదు. ఒకసారి కదిలిందంటే తనంతట తాను నిలవదు కూడా. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రాక్టరును గురించి చెప్పేటప్పుడు, అది స్వయంగా సరుకు మోయడానికి నిర్మించిన వాహనం కాదని చెబుతుంది. ట్రెయిలరు అంటే మరొక మోటారు వాహనం లాగుకొని పోయే బండి అని చెబుతుంది. అంటే చట్టం దృష్టిలో ఇవి రెండు బండ్లు. ట్రెయిలరును కూడా రిజిస్టరు చేయించాలి, దానికీ ఒక నంబరు ఉండాలి. కాని రోడ్డు మీద వాటిని నడిపేవాడు ఒక్కడే. ఆ ఒక్కడికి కనిపించేది ముందు బండి మాత్రమే. చిక్కంతా అక్కడే ఉన్నది.

మన దేశంలో కారు వెనుక ట్రెయిలరు కట్టుకొని పోయేవారు అరుదు. ఐరోపాలోనూ అమెరికాలోనూ అది సాధారణం. సెలవులకు పోయేవారు పడకలు, పొయ్యి ఉన్న చిన్న ఇంటినే చక్రాల మీద పెట్టి కారుకు తగిలించుకొని పోతారు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో కూడా, ఉద్యోగం మారి ఒక ఊరి నుండి మరొక ఊరికి పోయేటప్పుడు అద్దె ట్రెయిలరులో సామాను వేసుకొని వెయ్యి మైళ్ళు నడిపినవారు ఉన్నారు. కారైనా ట్రాక్టరైనా, లాగేవారు తెలుసుకోవలసిన సంగతులు ఒకటే. అవి మన తాతలకు కొత్తవి కూడా కావు. ఎద్దుల బండి తోలినవారికి వీటిలో సగం తెలుసు.

మా తాత కోవిల్పట్టి దగ్గర కరిసల్ నేలలో పత్తి, సజ్జ పండించేవాడు. బండికి పత్తి మూటలు ఎత్తేటప్పుడు ఆయన ఎద్దులను వెంటనే కట్టేవాడు కాదు. ముందుగా నొగకు ఊతకర్ర పెట్టి, మూటలన్నీ పేర్చించి, తరువాత కాడిని తన రెండు చేతులతో ఎత్తి చూచేవాడు. చిన్నప్పుడు నేను ఒకసారి అడిగాను, ఎందుకు తాతా ప్రతిసారీ ఎత్తి చూస్తావని.

"నా చేతికి తెలియకపోతే ఎద్దు మెడకు తెలుస్తుందిరా. అది నోరు లేని జీవం, ఎవరితో చెప్పుకుంటుంది?" అన్నాడు.

ఆయన ఏమి చూస్తున్నాడో మనం విడదీసి చెప్పుకుందాం. ఎద్దుల బండికి ఇరుసు ఒకటే, చక్రాలు రెండే. కాబట్టి బండి ఇరుసు మీద త్రాసు వలె ఊగుతుంది. మూటలు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద బరువుగా కూర్చుంటుంది. అవి వంగిపోతాయి, మెడ పుండు పడుతుంది. మూటలు వెనుకకు ఎక్కువైతే ఇంకా చెడ్డది. కాడి పైకి లేస్తుంది, మెడకింద కట్టిన పట్టెడ గొంతుకు బిగుసుకొంటుంది. ఎద్దు కాళ్ళు నేలమీద సరిగా ఆనవు. అందుకని తాత ముందు మొగ్గు ఉండాలనేవాడు. మొగ్గు ఉండాలి గాని భారం ఉండకూడదు. ఒక మనిషి రెండు చేతులతో కొంచెం కష్టపడి ఎత్తగలిగినంత.

ఈ సంగతి మీరు బల్ల మీదనే చేసి చూడవచ్చు. ఒక పెన్సిలును అడ్డంగా పెట్టి దాని మీద అడుగు కొలబద్దను నడిమికి ఆనించండి. పెన్సిలు ఇరుసు, కొలబద్ద బండి. ఒక చివరను కాడి అనుకొని, దానికి దగ్గరగా ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. తరువాత అదే బిళ్ళను పెన్సిలుకు అవతలి వైపుకు జరపండి. బిళ్ళ బరువు మారలేదు. మారింది దాని చోటు మాత్రమే. అయినా కాడి చివర లేచింది.

ఇప్పుడు రెండు చక్రాల ట్రెయిలరు దగ్గరికి వద్దాం. ఎద్దు మెడ ఉన్న చోట ట్రాక్టరు హుక్కు ఉన్నది, కాడి ఉన్న చోట ట్రెయిలరు ముక్కు ఉన్నది. వెనుక బరువు ఎక్కువైతే ముక్కు పైకి లేవజూస్తుంది. ముక్కుతోపాటు ట్రాక్టరు వెనుక భాగాన్ని కూడా లేపుతుంది. ట్రాక్టరును ముందుకు తోసేదీ, బ్రేకు పట్టేదీ వెనుక చక్రాలే. వాటికి నేలమీద పట్టు తగ్గితే లాగడమూ తగ్గుతుంది, ఆపడమూ తగ్గుతుంది. ఎద్దు కాళ్ళు ఆనకపోవడం అంటే ఇదే. ముందు బరువు మితిమీరినప్పుడు దీనికి విరుద్ధం జరుగుతుంది. హుక్కు కిందికి అణగిపోయి, ట్రాక్టరు ముందు చక్రాలు తేలికవుతాయి. చెరువు కట్ట ఎక్కేటప్పుడు ఆ చక్రాలు నేలను వదలి గాలిలోకి లేచిన ట్రాక్టర్లను మీలో కొందరు చూచే ఉంటారు. చూచి నవ్వి కూడా ఉంటారు. స్టీరింగు తిప్పినా బండి తిరగని ఆ క్షణంలో తోలేవానికి నవ్వు రాదు. ట్రెయిలరును ట్రాక్టరుకు ఎత్తైన చోట గాక, కింది భాగంలో దానికోసమే అమర్చిన హుక్కుకే తగిలించాలని చెప్పడానికి కారణం కూడా ఇదే. లాగుడు ఎంత ఎత్తు నుండి ఉంటే ముందు చక్రాలు అంత త్వరగా లేస్తాయి.

కారు ట్రెయిలర్ల విషయంలో దీనికి ఒక లెక్క ఉన్నది. అమెరికాలో సామాన్యంగా, సరుకుతో కలిపి ట్రెయిలరు మొత్తం బరువులో నూటికి 10 నుండి 15 వంతులు హుక్కు మీద ఉండాలని చెబుతారు. బ్రిటన్‌లో 5 నుండి 7 వంతులు చాలునంటారు. అక్కడి బండ్ల అమరిక వేరు, వేగాల మీద కట్టడి వేరు. 1945లో మొదలైన యూ-హాల్ అనే అమెరికా సంస్థ ట్రెయిలర్లు అద్దెకిస్తుంది. దాని సలహా ఇంకా సులభంగా ఉంటుంది. సామానులో నూటికి 60 వంతులు ముందు సగంలో పెట్టు, గంటకు 55 మైళ్ళు, అంటే సుమారు 88 కిలోమీటర్లు, దాటకు. మా తాతకు శాతాలు తెలియవు. చేతులతో ఎత్తి చూచి ఆయన తేల్చుకొన్నది మాత్రం ఇదే.

వెనుక బరువు ఎక్కువైన ట్రెయిలరు నెమ్మదిగా పోయినంత సేపు ఏమీ అనదు. అది మోసం చేసేది వేగం పెరిగినప్పుడే. కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగర్‌ల మీదుగా పోయే నాలుగు వరుసల జాతీయ రహదారి మీద ఒక పెద్ద బస్సు పక్క నుండి దాటిపోయిందనుకోండి. బస్సు తోసిన గాలి ట్రెయిలరు పక్కను తాకుతుంది. ట్రెయిలరు తోక కొంచెం కుడికి పోతుంది. సరిగా బరువు పేర్చిన బండి అయితే ఒకటి రెండు ఊపులలో సర్దుకొని కారు వెనుకకు వచ్చేస్తుంది. తోక బరువైన బండి అలా సర్దుకోదు. కుడికి పోయినది ఎడమకు ఇంకొంచెం ఎక్కువగా వస్తుంది, మళ్ళీ కుడికి అంతకంటే ఎక్కువగా పోతుంది. కుక్క తోకను ఆడించడం మనకు తెలుసు. ఇక్కడ తోకే కుక్కను ఆడిస్తుంది. నాలుగైదు ఊపులలో కారు వెనుక చక్రాలు కూడా జారి, రెండు బండ్లూ బోల్తా పడవచ్చు.

అప్పుడు తోలేవాడు ఏమి చేయాలి? మనసుకు తోచే పనులు మూడు ఉన్నవి. మూడూ తప్పే. ఒకటి, ఊపుకు ఎదురుగా స్టీరింగును అటూ ఇటూ తిప్పడం. మన చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా పోతుంది. కాబట్టి ఊపును ఆపబోయి ఊయలను తోసినట్లు దానికే బలం ఇస్తాం. రెండవది, భయంతో బ్రేకును గట్టిగా తొక్కడం. కారు ఆగుతుంది, ట్రెయిలరు ఆగదు. అది వెనుక నుండి తోసి కారును అడ్డం తిప్పుతుంది. మూడవది, వేగం పెంచి లాగితే బండి సూటి అవుతుందని అనుకోవడం. ఒక్క క్షణం సూటి అయినట్లు కనిపించినా, పెరిగిన వేగంలో తరువాతి ఊపు మరింత బలంగా వస్తుంది. చేయవలసినది చూడడానికి చాలా చిన్న పని. స్టీరింగును సూటిగా, గట్టిగా పట్టుకొని, వేగం ఇచ్చే పెడలు మీది నుండి కాలు మెల్లగా తీయాలి. బండి తనంతట తాను వేగం తగ్గేదాకా ఓపిక పట్టాలి. ట్రెయిలరుకు విడిగా బ్రేకు ఉండి, దానిని చేతితో పట్టే ఏర్పాటు ఉంటే ఆ ఒక్క బ్రేకును మాత్రం కొంచెం పట్టవచ్చు. వెనుక నుండి పట్టి లాగినట్లు అయి బండి సూటి అవుతుంది. తరువాత ఓరగా నిలిపి, సరుకు దించి, మళ్ళీ పేర్చుకోవలసిందే. అంతకు తక్కువ చికిత్స లేదు.

ఇక ఆపడం సంగతి. శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ తేరు కదిలే రోజున మీరు ఆడి పూరం పండుగకు వెళ్ళి ఉంటే, జనం దృష్టి అంతా తాళ్ళు లాగేవారి మీద ఉండడం చూచి ఉంటారు. ఈసారి చక్రాల దగ్గర నడిచేవారిని చూడండి. తేరు వేగం మీరినా, పక్కకు ఒరిగినా చక్రం కింద చెక్క దిమ్మెలు వేసి దానిని మందగింపజేసేదీ, దారి మళ్ళించేదీ వాళ్ళే. వేలమంది లాగితే తేరు కదులుతుంది. నిలపడం మాత్రం ఆ కొద్దిమంది చేతిలో ఉన్నది. తాడుతో లాగవచ్చును గాని తాడుతో ఆపలేము కదా!

ట్రాక్టరు ట్రెయిలర్లలో చాలావాటికి తమ సొంత బ్రేకులు ఉండవు, లేదా ఉన్నా పనిచేయవు. అప్పుడు రెండు బండ్ల బరువునూ ముందు బండి ఒక్కటే ఆపాలి. ఒక లెక్క వేద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. రోడ్డుకు అడ్డంగా మేక వచ్చింది. కన్ను చూచి, కాలు బ్రేకు మీద పడేలోపల ఒక సెకను గడుస్తుంది. బండి 11 మీటర్లు పోయింది. ఆ తరువాత ఒక కారు ఇంకొక 12 మీటర్లలో నిలిచిందనుకోండి. మొత్తం 23 మీటర్లు. అదే కారు వెనుక, దానితో సమానమైన బరువుండి బ్రేకులు లేని ట్రెయిలరు కట్టారు. బ్రేకు బలం మారలేదు, ఆపవలసిన బరువు రెండింతలయింది. 12 మీటర్లు 24 అవుతాయి. మొత్తం 35 మీటర్లు. మేక 30 మీటర్ల దూరంలో ఉంటే మొదటి బండి దానిని తాకదు, రెండవది తాకుతుంది. వేగాన్ని సగానికి తగ్గించి, అదే బండిని గంటకు 20 కిలోమీటర్లలో నడిపితే? తొలి సెకనులో 5 లేదా 6 మీటర్లు. బ్రేకు పట్టిన తరువాతి దూరం సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది, అంటే 6 మీటర్లు. మొత్తం 12 మీటర్లలోపలే నిలుస్తుంది. వేగం సగమైతే దూరం నాలుగవ వంతుకు ఎందుకు తగ్గిందో మీ విజ్ఞానశాస్త్రం అయ్యవారిని అడగండి.

ఐరోపా దేశాలలో సరుకుతో కలిపి 750 కిలోలకు మించి బరువు మోయడానికి నిర్మించిన ట్రెయిలరుకు బ్రేకులు ఉండి తీరాలి. అక్కడి కారు ట్రెయిలర్లలో ఒక తెలివైన ఏర్పాటు ఉంటుంది. కారు వేగం తగ్గగానే ట్రెయిలరు తన ఊపుతో ముందుకు వచ్చి హుక్కును తోస్తుంది. ఆ తోపుడే ఒక కడ్డీని నొక్కి ట్రెయిలరు బ్రేకును పట్టిస్తుంది. తప్పు చేసే బండి చేతనే తప్పు దిద్దించడం అన్నమాట. కొత్తగా నేర్చుకొనేవారు తమ కారు బరువులో నూటికి 85 వంతులకు మించిన బండిని లాగవద్దని బ్రిటన్‌లో సలహా ఇస్తారు. మన ట్రాక్టరు తన బరువుకు రెండింతలకు పైగా లాగుతుంది. దానికి అంత బలం ఉన్నది, సందేహం లేదు. బలం ఇంజనుకు ఉన్నది, బ్రేకుకు లేదు.

ట్రాక్టరుకు మరొక ప్రత్యేకత ఉన్నది. దానికి బ్రేకు పెడళ్ళు రెండు. ఒకటి ఎడమ వెనుక చక్రానికి, ఒకటి కుడి వెనుక చక్రానికి. పొలంలో చాలు చివర గిరుక్కున తిరగడానికి ఒక చక్రాన్ని మాత్రమే బిగించడం అవసరం. రోడ్డు ఎక్కేముందు ఆ రెండు పెడళ్ళనూ కొక్కెంతో కలిపి బిగించాలి. మరచిపోయి, వెనుక బరువుతో వేగంగా వస్తూ ఒక పెడలును మాత్రమే తొక్కితే ట్రాక్టరు ఆ వైపుకు గిర్రున తిరుగుతుంది. వెనుక బండి ఆగక తోస్తుంది. మడతకత్తిని మూసినట్లు రెండు బండ్లూ మడుచుకొంటాయి. ఈ కొక్కెం వేయడానికి పట్టే కాలం మూడు సెకన్లు కూడా కాదు. నేను చూచిన ట్రాక్టర్లలో కొన్నింటికి ఆ కొక్కెం తుప్పు పట్టి కదలకుండా ఉన్నది. అంటే అది ఎన్నాళ్ళుగా వాడలేదో ఆలోచించండి.

మన కరిసల్ సీమ చదునైనది. పల్లం దిగవలసినది రైలు వంతెనల మీద, చెరువు కట్టల మీద మాత్రమే. అందుచేత మనవారికి పల్లంలో బండి నడిపే అలవాటు తక్కువ. దిగడం మొదలుపెట్టకముందే చిన్న గేరుకు మార్చుకోవాలి. సగం దిగిన తరువాత క్లచ్చి తొక్కి గేరు మార్చబోతే, ఆ కొద్దిసేపు ఇంజను పట్టు వదలిపోతుంది, వెనుక బరువు తోసుకొని వస్తుంది. డీజిలు మిగులుతుందని గేరు తీసివేసి పల్లానికి వదిలేవారు కూడా ఉన్నారు. మిగిలే డీజిలు ఒక గరిటెడు ఉంటుందేమో.

రెండు బండ్లనూ కలిపేది ఒక ఇనుప పిన్ను. బొటనవేలికంటే కొంచెం లావు. ఎద్దుల బండిలో చక్రం ఇరుసు నుండి ఊడిపోకుండా చివర గుచ్చే చీలను మన ఊళ్ళలో తమిళ మాటతో అచ్చాణి అని కూడా అంటారు. ఆకారం చూచి ఎవరినీ తక్కువ చేయరాదని చెప్పేటప్పుడు తిరువళ్ళువర్ తిరుక్కురళ్‌లో ఉపమానంగా తీసుకొన్నది ఆ అచ్చాణినే. ఉరికే పెద్ద తేరుకు అది ఆధారమని ఆయన మాట. ట్రెయిలరు పిన్ను కూడా అటువంటిదే. దాని కింది కొసలో ఒక చిన్న రంధ్రం, అందులో పిన్ను పైకి ఎగిరిపోకుండా ఒక చిన్న కమ్మీ కొక్కెం ఉండాలి. గుంతల రోడ్డులో ప్రతి కుదుపుకూ పిన్ను కొంచెం కొంచెం పైకి లేస్తుంది. ఆ కమ్మీ లేకపోతే ఏదో ఒక కుదుపులో బయటికి వచ్చేస్తుంది. కమ్మీ పోయిందని మేకు గుచ్చడం, మేకు పోయిందని తీగ చుట్టడం మనం చూస్తూనే ఉన్నాం.

2014 జనవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఒక వాహనం వెనుక పోతున్న రెండు టన్నుల ట్రెయిలరు విడిపోయింది. రోడ్డు పక్క నడిచేవారి బాట మీదికి ఎక్కి మూడేళ్ళ బాలుణ్ణి చంపింది. తగిలించే చోట పట్టు సరిగా బిగుసుకోలేదు. చూచేవారికి అది తగిలినట్లే ఉన్నది, పడలేదు. అందుకని తగిలించిన తరువాత ఒకసారి ముక్కును పైకి ఎత్తి చూడడం, లేదా కొంచెం ముందుకు లాగి చూడడం అవసరం. పిన్నుకు తోడుగా రెండు గొలుసులు కట్టడం మరొక రక్షణ. కారు ట్రెయిలర్లలో ఈ గొలుసులను ముక్కు కింద ఒకదానినొకటి దాటేలా అడ్డంగా కడతారు. పట్టు విడిపోయినా ముక్కు నేలమీద గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడి ఆగుతుంది. మన ట్రాక్టర్లకు గొలుసులు కట్టినవి నేను అరుదుగానే చూచాను. ఖర్చు చూస్తే రెండు బస్తాల ఎరువు ధర కూడా కాదు.

మలుపులో ట్రెయిలరు చక్రాలు ట్రాక్టరు చక్రాల జాడలో నడవవు. లోపలి వైపుకు కోసుకొని వస్తాయి. పెట్టె ఎంత పొడవైతే అంత ఎక్కువగా కోస్తుంది. నేర్పరి అయిన డ్రైవరు మలుపు దాటి కొంచెం ముందుకు పోయి, వెడల్పుగా తిప్పుతాడు. తెలియనివారు దానిని చూచి, లోపలి వైపు ఖాళీగా ఉన్నదని సైకిలును అందులో దూరుస్తారు. ట్రాక్టరు దాటిపోయింది, ఇక భయం లేదనుకొంటారు. అప్పుడు పెట్టె చక్రం వస్తుంది. తిరుత్తంగల్ వీధుల వంటి ఇరుకు వీధులలో ట్రాక్టరు తిరుగుతుంటే మలుపు బయటి వైపున, గోడకు దూరంగా నిలబడండి.

వెనుకకు నడపడం ఒక విద్య. ట్రెయిలరు కుడికి పోవాలంటే ముందు బండి స్టీరింగును ఎడమకు తిప్పాలి. ఎడమకు పోవాలంటే కుడికి తిప్పాలి. కొత్తవారు తికమకపడేది ఇక్కడే. దీనికి ఒక చిట్కా ఉన్నది. స్టీరింగు చక్రం కింది భాగాన్ని ఒక చేతితో పట్టుకోవాలి. ట్రెయిలరు తోక ఎటు పోవాలో చేతిని అటు జరపాలి. లెక్క తానే సరిపోతుంది. మరొక వింత, పొడవైన ట్రెయిలరును వెనుకకు నడపడమే సులభం. పొట్టిది చటుక్కున తిరిగి మడుచుకొంటుంది, పొడవైనది నిదానంగా తిరుగుతూ దిద్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. నాలుగు చక్రాలుండి ముందు ఇరుసు తిరిగే ట్రెయిలరయితే మడతలు రెండు అవుతాయి. దానిని ఇరవై అడుగులు సూటిగా వెనుకకు పోనివ్వగలవానికి నేను నమస్కారం చేస్తాను. ఏ బండి అయినా, వెనుకకు పోయేటప్పుడు కింద ఒక మనిషి నిలబడి దారి చూపాలి. ఆ మనిషి డ్రైవరుకు కనిపించే చోట నిలబడాలి. ట్రెయిలరు వెనుక నిలబడి 'రా, రా' అని కేక వేసేవాడు ట్రాక్టరు చప్పుడులో వినిపించడు, పెట్టె చాటున కనిపించడు.

ఇంతవరకు చెప్పినవి తోలేవారికి. మీరు ఇంకా తోలే వయసు వారు కారు. అయినా ట్రెయిలరుతో మీకు రోజూ పని ఉన్నది. బడి నుండి వచ్చేటప్పుడు సైకిలు తొక్కలేక ట్రెయిలరు వెనుక కమ్మీ పట్టుకొని ఉచితంగా పోయేవారు మీ తరగతిలో ఎంతమంది? నేనూ పోయినవాణ్ణే, అందుకని అడుగుతున్నాను. ఒకనాడు ముందు ట్రాక్టరు గుంతను చూచి ఆగింది. నా కంటికి గుంత కనిపించలేదు, పెట్టె వెనుక చెక్క మాత్రమే కనిపించింది. మోచేయి విరిగింది. ఎడమ చెయ్యి ఈనాటికీ పూర్తిగా చాపలేను. నాతో వస్తున్న స్నేహితుడు ఇవతలికి పడ్డాడు కాబట్టి బతికాడు. అవతలి వైపు బస్సు పోతూ ఉన్నది.

దీనికంటే అపాయమైన చోటు ట్రాక్టరుకు, పెట్టెకు నడుమ ఉన్న లాగుడు కమ్మీ. దాని మీద నిలబడి పోవడం పిల్లలకు సరదా. కాలు జారితే పడేది పెట్టె చక్రాల ముందే. ఆ చోటు డ్రైవరు కంటికి ఆనదు.

పండుగలకూ పెళ్ళిళ్ళకూ పెట్టెలో మనుషులను ఎక్కించుకొని పోవడం మన పల్లెలలో పాత అలవాటు. ఇరుక్కన్‌కుడి మారియమ్మ కోవెలకు పోయేవారు కూడా ఇలా పోవడం చూచాను. సరుకు పెట్టెలో సరుకును కట్టి ఉంచవచ్చు, మనుషులను కట్టలేము. మలుపులో అందరూ ఒక పక్కకు ఒరుగుతారు. బరువు ఎత్తులో ఉన్నది కాబట్టి బండి కూడా అటే ఒరుగుతుంది. 2018 జూన్ 24న తెలంగాణలోని యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో, పొలం పనికి పోతున్న స్త్రీలతో నిండిన ట్రాక్టరు ట్రెయిలరు మూసీ కాలువలో బోల్తా పడింది. 15 మంది చనిపోయారు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లో కాన్పూరు దగ్గర, గుడికి పోయి తిరిగి వస్తున్న ట్రెయిలరు చెరువులో పడి 26 మంది చనిపోయారు. వారిలో పిల్లలు, స్త్రీలే ఎక్కువ. రెండు చోట్లా నీళ్ళలో పడ్డ పెట్టె తలకిందులై మనుషుల మీద మూతలాగా పడింది. పొలం పనికి పోయేవారికి వేరే బండి దొరకదని పెద్దలు అంటారు. అది నిజమే. ఆ కారణం చేతనే, ఎక్కక తప్పనప్పుడు అంచుల మీద కూర్చోకుండా పెట్టె అడుగున కూర్చోవడం, కాలువ గట్టు దారి వచ్చినప్పుడు దిగి నడవడం చేయమని అమ్మకు, అక్కకు చెప్పండి. గట్టు మీద బండి నెమ్మదిగానే పోతుంది, నడిచేవారు వెనుకబడరు.

చివరగా రాత్రి సంగతి. పత్తికట్టెను, చొప్పను పెట్టె అంచులు దాటి రెండు పక్కలా వెలికి వచ్చేలా పేరుస్తారు. వెనుక ఎర్రదీపం ఉన్నా ఆ చొప్పలో మునిగిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే కారుకు, నల్లని రోడ్డు మీద నల్లని ఆకారం దగ్గరికి వచ్చేదాకా తెలియదు. టైరు పగిలి రోడ్డు పక్కన నిలిపివేసిన ట్రెయిలరు మరీ ప్రమాదం. అది కదలదు కూడా. దీనికి మందు చాలా చవక. వెలుతురు పడగానే మెరిసే ఎర్ర పట్టీలను పెట్టె వెనుక రెండు కొసలకూ, తెల్ల పట్టీలను ముందు వైపుకూ అంటించాలి. పట్టీకి విద్యుత్తు అక్కరలేదు. వచ్చే కారు దీపమే దానిని వెలిగిస్తుంది. అయితే కరిసల్ మట్టి, ఎరువు, పేడ పడి పది రోజులలో పట్టీ కనిపించకుండా పోతుంది. మా ఊరిలో మా మామ ట్రాక్టరు ఉన్నది. సాయంత్రం ఆయన బండి తీసేముందు తడిగుడ్డతో ఆ పట్టీలు తుడిచే పని ఇంట్లోని చిన్నవాడిది. ఆరవ తరగతి చదువుతున్నాడు. తుడిచిన తరువాత టార్చి లైటు వేసి, దూరంగా వెళ్ళి చూచి, "మామా, రెండూ మెరుస్తున్నాయి" అని కేక వేస్తాడు. అప్పుడుగాని మామ ఇంజను ఎక్కించడు.